కాకులకు తెలిసిన ముఖం

మా ఇంటి ముందుగది,
ఆదివారం

చిరంజీవి పిట్టమ్మకు బావ ఆశీస్సులు.

మేమిద్దరం కులాసా. నీ కులాసా మాత్రం అడగను. ఆ దిబ్బ మీద చుట్టూ నీళ్లు, నెత్తిన పక్షులు ఉంటే చాలు, తిండి లేకపోయినా నువ్వు కులాసాగానే ఉంటావని మీ అక్క చెబుతూనే ఉంటుంది.

అసలు సంగతికి వస్తాను. ఇన్నేళ్లు పక్షుల చదువు చదివావు కదా, ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పు. కాకికి మనిషి మీద పగ ఉంటుందా?

నవ్వకు. మీ అక్క నవ్వింది చాలు.

జరిగింది ఇది. మా వీధి చివర పిల్లల ఆసుపత్రి ఉంది కదా, దాని ఎదుటి కరెంటు స్తంభం మీద ఒక కాకుల జంట గూడు కట్టింది. పుల్లలతో కట్టుకుంటే ఎవరికి అడ్డం? ఈ కాలం కాకులు కదా, ఇనప తీగలు, బట్టల హ్యాంగరు, ఎవరిదో కళ్లజోడు ఫ్రేము తెచ్చి పేర్చాయి. అందులో ఒక తీగ ముక్క లైనుకు తగిలి రెండుసార్లు సప్లై పోయింది. నేను లైన్‌మన్‌ని. నా పని నేను చేశాను. ఎక్కాను, గూడు పీకాను, కింద పడేశాను. గుడ్లు లేవు, పిల్లలు లేవు, నీ మీద ఒట్టు.

అంతే, మర్నాటి నుంచి నాకు ఈ వీధిలో నడక లేదు. గుమ్మం దాటగానే ఒకటి అరుస్తుంది. ఆ అరుపు విని దాని చుట్టాలంతా దిగుతారు. ఎదుట పడి కొట్టరు, అంత మర్యాద లేదు. వెనక నుంచి వచ్చి మాడు మీద కాళ్లతో ఒక్క తాపు. డ్యూటీ బట్టలు చూసి గుర్తుపడుతున్నాయేమోనని మామూలు చొక్కా వేసుకున్నాను. టోపీ పెట్టాను. మీ అక్క నల్ల కళ్లద్దాలు కూడా పెట్టాను. రొట్టెల దుకాణం ఆయన “ఎవరండీ కావాలి?” అని అడిగాడు గానీ కాకులు మాత్రం అడగలేదు. వాటికి తెలుసు.

ఇలా కాదని నిన్న మీ అక్క డ్రైవింగు స్కూలు కారులో వెనక సీట్లో నక్కి వీధి దాటబోయాను. ఒక కాకి ముందు అద్దం మీద వాలి, లోపలికి వంగి, నన్ను చూసి గోల పెట్టింది. నేర్చుకుంటున్న ఆవిడ కంగారులో బ్రేకు అనుకుని యాక్సిలరేటరు తొక్కింది. దుకాణం ముందు చెత్తడబ్బా ఇప్పుడు గుండ్రంగా లేదు.

విచిత్రం ఏమిటంటే మీ అక్కను ఏమీ అనవు. వాటి కింద నుంచే మహారాణిలా నడిచిపోతుంది.

ఇట్లు,
కాకిగోలలో చిక్కిన నీ బావ


దిబ్బ మీది పక్షుల కేంద్రం,
పడవ వచ్చే రోజు

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి నవ్వలేదు అని రాద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు. ఇక్కడ ఫోను పలకదు, వారానికి ఒక్క పడవ. అందుకని మీ ఉత్తరాన్ని వారమంతా దాచుకుని రోజుకో పేరా చొప్పున నవ్వాను. కవరు మీద తెల్లటి మరక చూసి పడవాయన “ఇది మీ శాఖవారి స్టాంపా అండీ?” అని అడిగాడు.

జవాబు: అవును, కాకి మనిషిని ముఖం చూసి గుర్తుపడుతుంది. బట్టలు, టోపీలు దానికి లెక్కలోకి రావు. ఒకసారి చెడ్డవాడు అనుకుంటే ఏళ్ల తరబడి మరిచిపోదు. పైగా ఆ సంగతి ఒక్కదానితో ఆగదు. అమ్మానాన్నలు ఎవరిని చూసి అరుస్తున్నారో పిల్లలు చూస్తాయి, నేర్చుకుంటాయి. మీరు గూడు పీకిన రోజుకు ఇంకా పుట్టని కాకి కూడా రేపు మిమ్మల్ని తిడుతుంది. అక్కను ఏమీ అనకపోవడానికి కారణం కూడా అదే. ఆమె ముఖం మీద వాటికి ఫిర్యాదు లేదు.

కానీ పగ అనకండి బావగారూ. వాటి వైపు నుంచి ఒకసారి చూడండి. గూటికి ఎత్తు కావాలి, నాలుగు దిక్కులూ కనబడాలి, పిల్లి ఎక్కలేకపోవాలి. మీ వీధిలో చెట్లన్నీ కొట్టేశాక మీ స్తంభం కన్నా మంచి చెట్టు ఏది? పుల్ల దొరకని చోట తీగే పుల్ల. ఉన్నదానితో సర్దుకున్నాయి, మనలాగే.

అవి మళ్లీ అక్కడే కడతాయి. ఈసారి మీరు ఎక్కకండి. వేరే ఎవరినైనా పంపండి. మా బావ ఎవరినైనా కాకా పట్టగలడు గానీ కాకుల దగ్గర ఆ విద్య చెల్లదు.

అక్కను అడిగానని చెప్పండి. ఇక్కడ నీటికోళ్లు పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతున్నాయి. నిన్న పడవాయన ఇంజను ఆపి, తెడ్డు వేసుకుంటూ వచ్చాడు, అవి బెదురుతాయని.

మీ మరదలు,
పిట్టమ్మ


ఇంటి దగ్గరే,
బుధవారం అనుకుంటాను

పిట్టమ్మకు,

అంతా బాగానే ఉంది. అక్షరాలు వంకరగా ఉన్నాయని అనుకోకు, పెన్ను పాతది. ఆఫీసువాళ్లు బలవంతం చేసి కొంచెం విశ్రాంతి ఇచ్చారు. నువ్వు చెప్పినట్టే అవి మళ్లీ కట్టాయి. ఇంకేం విశేషాలు లేవు. ఈసారికి ఇంతే.

బావ

(కవరు అంచున, వేరే దస్తూరీ:)
పిట్టీ, పెన్ను కొత్తదే, పాతవి ఆయన అబద్ధాలు. స్తంభం మీద నుంచి పడ్డారు. కుడి మణికట్టు విరిగింది, ఇది ఎడమ చేత్తో రాసింది. కవరు అంటించే పని నాది కాబట్టి ఈ నాలుగు ముక్కలు. — అక్క


పక్షుల కేంద్రం,
పడవ వెళ్లిపోయాక

బావగారూ,

మీ మీద కోపంగా ఉంది కాబట్టి నమస్కారాలు లేవు.

సరదాగా రాసే మనిషి ఒక్కసారి నాలుగు లైన్లతో సరిపెడితే నాకు అర్థం కాదనుకున్నారా? కవరు అంచు చదవకముందే ఏదో జరిగిందని తెలిసింది. చదివాక ఆ సాయంత్రం కొంగల్ని లెక్కపెట్టడం మూడుసార్లు తప్పాను. నాలుగోసారి మానేశాను.

రేవు చెక్క మీద కూర్చుని ఉంటే, అప్పటికే తాడు విప్పిన పడవాయన మళ్లీ కట్టేసి వచ్చాడు. “ఇవాళే వెళ్లాలంటే తీసుకెళ్తానండీ” అన్నాడు. నా ముఖం చూసి అన్నాడంతే. వద్దన్నాను. వస్తే మీరు ఇంకో అబద్ధం ఆడతారు, ఉత్తరంలోనైతే అక్క దిద్దుతుంది.

అక్కా, నాలుగు ముక్కలకు థాంక్స్. అంచున ఇంకొంచెం జాగా ఉంది కదా, ఎంత ఎత్తు నుంచి పడ్డారో కూడా రాయాల్సింది. అది రాయలేదంటే తక్కువ ఎత్తు కాదని తెలిసిపోయింది.

చెయ్యి బాగయ్యాక, కుడిచేత్తో, నిజం రాయండి.

పిట్టమ్మ


ఫిర్యాదుల గది, కరెంటు ఆఫీసు,
మధ్యాహ్నం

పిట్టమ్మకు,

కుడి చేత్తోనే రాస్తున్నాను. కట్టు విప్పి వారం అయింది. నీ కోపం తగ్గేలా నిజమే రాస్తాను.

లైనుకు తగులుతున్న తీగ ముక్క ఒక్కటే తీద్దామని ఎక్కాను. గూడు జోలికి పోలేదు. ఆ తేడా కాకికి తెలుస్తుందా? పని అయిపోయింది, సగం దిగాను, స్తంభానికి కట్టుకున్న బెల్టు విప్పాను. వెనక నుంచి తాపు తగిలింది. తల తిప్పాను, చెయ్యి జారింది. అంతే. సగం దిగాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

చెయ్యి బాగైంది. కాళ్లు బాగవలేదు పిట్టమ్మా. ఇన్నేళ్లు స్తంభమంటే నాకు మా ఇంటి మేడమెట్లలాగే ఉండేది. మొన్న వీధిలో ఎవరూ లేనప్పుడు వెళ్లి మొదటి మెట్టు మీద కాలు పెట్టాను. మోకాలు గజగజ వణికింది. కాలు తీసేసి, చెప్పు సర్దుకుంటున్నట్టు నటించి వచ్చేశాను. మీ అక్కకు చెప్పలేదు. అందుకే ఇది ఆఫీసులో రాసి ఇక్కడే అంటిస్తున్నాను.

ప్రస్తుతానికి నన్ను ఫోను దగ్గర కూర్చోబెట్టారు. “కరెంటు ఎప్పుడొస్తుందండీ?” అంటారు. “వస్తుందండీ” అంటాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే మా సంభాషణ. గదిలో నేనొక్కణ్ణే. చుట్టూ ఊరంతా కాకులుండగా ఏకాకిని అయ్యాను చూడు.

అసలు ఇబ్బంది ఇప్పుడు చెబుతాను. ఆ గూట్లో పిల్లలు పుట్టాయి. వానలు దగ్గరపడ్డాయి. మా ఇంజనీరమ్మ మంచి మనిషే, కానీ గూళ్లన్నీ తీయించెయ్యమని ఆర్డరు ఇచ్చింది.

“తడిసిన గూడంటే తీగల మీద తడిగుడ్డ ఆరేసినట్టే కదండీ” అంది.

“మేడమ్, ఆ గూట్లో పిల్లలున్నాయండీ” అన్నాను.

ఆవిడ ఆసుపత్రి వైపు చూపించి, “అక్కడా ఉన్నారు కదండీ” అంది.

బరువు తక్కువగా పుట్టిన పసికందుల్ని అక్కడ వెచ్చని పెట్టెల్లో పెడతారు. సప్లై పోతే జనరేటరు ఉంది గానీ అది అలిగిందంటే ఎప్పుడు పలుకుతుందో తెలియదు. కాబట్టి ఆవిడ చెప్పింది న్యాయమే. నెలాఖరుకు కాంట్రాక్టరు మనుషులు కొక్కెం కర్రలతో వస్తారు. ఒక్క లాగు లాగితే అయిపోతుంది.

నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. నన్ను తన్ని పడేసినవాటి మీద నాకెందుకింత ప్రేమ అని మీ అక్క అడుగుతోంది. ప్రేమ కాదు. మొదటి గూడు పీకింది నేనే కదా. నీకేమైనా ఉపాయం తోస్తే చెప్పు.

కవరు మీద ‘అర్జంటు’ అని రాశాను. మీ పడవాయనకు ఆ మాట అర్థమవుతుందా?

బావ


పక్షుల కేంద్రం,
పడవ రోజు కాదు

బావగారికి నమస్కారాలు. (కోపం పోయింది.)

‘అర్జంటు’ అన్న మాట పడవాయనకు అర్థమైంది. తన రోజు కాకపోయినా పడవ వేసుకుని వచ్చేశాడు. జవాబు కూడా ఇవాళే పట్టుకెళ్తానని రేవులో కూర్చుని తాడు పేనుతున్నాడు. అందుకని గబగబా రాస్తున్నాను.

ఆ స్తంభం పక్కనే పాత ఇనప స్తంభం ఒకటి ఉండాలి కదా? కిందటిసారి వచ్చినప్పుడు చూశాను, తీగలు లేవు, ఊరికే నిలబడి ఉంది. చెయ్యి చాస్తే అందేంత దూరం. దాని తల మీద ఒక పాత టైరు పడుకోబెట్టి గట్టిగా కట్టించండి, అడుగున జల్లెడలాంటి తీగవల వేయించండి. అక్క స్కూల్లో పాత టైర్లకు కొదవా? ఈ పని ఎవరైనా చెయ్యొచ్చు, గూడు ముట్టుకోరు కాబట్టి గోల తక్కువే. రెండు మూడు రోజులు అలా వదిలెయ్యండి. కళ్లెదుట కొత్త వస్తువు ఉంటే కాకులకు మొదట అనుమానం, తర్వాత అలవాటు.

ఆ తర్వాత సప్లై ఆపించి, గూడు మొత్తం పిల్లలతో సహా ఎత్తి టైరులో పెట్టాలి. పిల్లలు ఆకలికి అరుస్తాయి. ఆ అరుపు ఎక్కడ ఉంటే తల్లి అక్కడికే వస్తుంది. ఇంత దగ్గర కాబట్టి వస్తుందనే నా నమ్మకం. ఒట్టు వెయ్యలేను.

ఎత్తే చేతులు మెత్తగా ఉండాలి. కొక్కెం కర్రకు ఆ పని రాదు. మీరే ఎక్కాలని నేను అనను. అక్క భయం మీద, మీ మోకాలి మీద నాకు గౌరవం ఉంది. కానీ ఎక్కితే ఈ ఉత్తరంతో పంపుతున్న డబ్బాలో ఉన్నది ముఖానికి పెట్టుకుని ఎక్కండి.

కాకుల దగ్గరకు వెళ్లే పనులకు మా కేంద్రంలో తెల్ల ముసుగులు ఉంటాయి, పైన ముఖం గీసుకోవడమే. ఒకదాని మీద రంగులు వేశాను, కాస్త జుట్టు అంటించాను. ఎవరి ముఖమూ కాదు, ఊహించి చేతికొచ్చినట్టు వేశాను. ఆ ముఖం వాటికి కొత్త కాబట్టి ఎక్కేదాకా ఊరుకుంటాయి. గూడు ముట్టుకున్న క్షణం నుంచి ఆ ముఖం కూడా వాటి దృష్టిలో దొంగే. ఆ తర్వాత దాన్ని పెట్టుకుని వీధిలోకి వెళ్లకండి.

పడవాయన చినుకులు మొదలయ్యాయని కేకేస్తున్నాడు.

పిట్టమ్మ


మా ఇంటి ముందుగది,
ఆదివారం

చిరంజీవి పిట్టమ్మకు బావ వెయ్యి ఆశీస్సులు.

ముందు ఫలితం చెబుతాను, లేకపోతే నువ్వు చివరి పేరాకు దూకుతావు. పిల్లలు మూడూ టైరులో ఉన్నాయి. నేను ఇంట్లో ఉన్నాను. ఎముకలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇప్పుడు స్తిమితంగా చదువు.

నీ ఉపాయం చెబితే ఇంజనీరమ్మ కాసేపు నన్ను, కాసేపు సీలింగును చూసింది. “ఎవరు ఎక్కుతారు?” అంది. గదిలో ఉన్న మిగతా లైన్‌మన్లందరికీ ఒకేసారి దగ్గు వచ్చింది. “నేనండీ” అన్నాను. నా నోట్లోంచే వచ్చింది, నేనే విన్నాను.

మీ అక్కకు చెప్పక తప్పలేదు. మోకాలి సంగతి కూడా చెప్పాను. చాలాసేపు గిన్నెలు తోమింది, తోమిన గిన్నెలే మళ్లీ తోమింది. తర్వాత స్కూలుకు వెళ్లి, ఉన్న టైర్లలో మంచి టైరు ఏరి తెచ్చింది. దాన్ని ఇంకో లైన్‌మన్ పాత స్తంభం తల మీద కట్టాడు, నువ్వు చెప్పినట్టే మూడు రోజులు వదిలేశాం.

నీ ముసుగు చూసి మేమిద్దరం నోరెళ్లబెట్టాం. గుబురు మీసం, ముందు పలచబడ్డ జుట్టు, ఎడమ కనుబొమ్మ మధ్యలో చిన్న చీలిక. ఊహించి వేశానన్నావు. చీలిక దాకా ఊహించావన్నమాట. మంచి ఊహే తల్లీ.

ఆ రోజు పొద్దున్నే సప్లై ఆపి, లైన్ క్లియర్ అని కాగితం చేతికిచ్చారు. ఆసుపత్రి జనరేటరు ఆ రోజు అలగకుండా పలికింది. మీ అక్క తన కారు తెచ్చి వీధికి అడ్డంగా పెట్టేసింది, ‘నేర్చుకొనుచున్నారు’ బోర్డుతో సహా. వెనక ఎన్ని హారన్లు మోగినా దిగి స్తంభం కిందకు వచ్చి నిలబడింది.

నేను మొదటి మెట్టు మీద కాలు పెట్టాను. మళ్లీ అదే వణుకు. మీ అక్క మొదటి పాఠానికి వచ్చినవాళ్లతో మాట్లాడే గొంతుతో అంది: “తొందరేం లేదు. ఎదురుగా చూడండి, కిందకి కాదు. ఎడమ కాలు. మెల్లగా. ఆ, అదే. ఇప్పుడు కుడి.” అలా మెట్టు మెట్టుకూ చెబుతూనే ఉంది. ఆ గొంతు వింటే ఎంతటివాడైనా బండి తోలతాడు. నేను పైకి తోలుకుపోయాను.

కాకులు పక్క మేడ మీద నుంచి చూస్తున్నాయి. ఒక్కటీ అరవలేదు. ఎవరీ మీసాలాయన అని ఆలోచిస్తున్నాయి. నా జీవితంలో ఇన్నాళ్లకు ఆ వీధిలో అంత మౌనం విన్నాను.

గూటి దాకా వెళ్లి బెల్టు తగిలించి తొంగిచూశాను. మూడు ఎర్రటి నోళ్లు ఒక్కసారి తెరుచుకున్నాయి. నన్ను వాళ్ల అమ్మ అనుకున్నాయి పిట్టమ్మా! ఈ ఊళ్లో నన్ను చూసి తిట్టని కాకులు ఆ మూడే. చేతులు అడుగు నుంచి పోనిచ్చి ఎత్తాను. ఇనుమంతా అందులోనే ఉందేమో, పసిబిడ్డంత బరువుంది.

అప్పుడు వచ్చాయి. అన్నీ వచ్చాయి. ఎటు నుంచి తంతున్నాయో తెలియలేదు. ముక్కు పోయింది, నాది కాదు, ముసుగుది. రెండు చేతులా గూడు, వదిలితే పిల్లలు పోతాయి. కింద నుంచి మీ అక్క గొంతు అదే పనిగా, “చేతుల్నే చూడండి. చేతుల్నే చూడండి” అంటోంది. చేతుల్నే చూశాను. మెల్లగా జరిపి టైరులో కూర్చోబెట్టాను. పిల్లలు అప్పటికి నోరు మూసుకోలేదు, టిఫిన్ ఎప్పుడంటూనే ఉన్నాయి.

దిగాను. దిగాక మోకాలు వణికింది. కానీ దిగాక.

ఆ తర్వాత ఎంతసేపు గడిచిందో. ఆసుపత్రి కిటికీల్లో నర్సులు, గేటు దగ్గర బాలింతల తల్లులు, వీధిలో హారన్లు మానేసిన బళ్లవాళ్లు, అందరం తలలెత్తి చూస్తున్నాం. తల్లి కాకి ఖాళీ స్తంభం మీద వాలింది. అటు చూసింది, ఇటు చూసింది. పిల్లలు అరిచాయి. ఒక్క గెంతులో టైరు అంచు మీదికి వచ్చి, మెడ వంచి, నోట్లోది తీసి పెట్టింది.

ఇంజనీరమ్మ పక్కకు తిరిగి కళ్లజోడు తుడుచుకుంది. మీ అక్క కారెక్కి హారన్ కొట్టి, “ఇంక తప్పుకోండి, నాకు పదింటికి పాఠం ఉంది” అంది.

రేపటి నుంచి ఫోను దగ్గర కూర్చోను. మళ్లీ లైను మీదికే.

బావ


పక్షుల కేంద్రం,
పడవ వచ్చే రోజు

బావగారికీ, గొంతుతో మనిషిని స్తంభం ఎక్కించిన అక్కకూ నమస్కారాలు.

మీ ఉత్తరం ఇక్కడ అందరికీ గట్టిగా చదివి వినిపించాను. ‘కానీ దిగాక’ అన్న చోట వంటాయన చప్పట్లు కొట్టాడు. నేను చప్పట్లు కొట్టే స్థితిలో లేను, ముక్కు తుడుచుకుంటున్నాను.

చిన్న సహాయం చెయ్యాలి. పడవ ఇంజనుకు ఏదో సామాను కావాలట, మీ ఊళ్లోనే దొరుకుతుందట. పడవాయన శనివారం వస్తున్నాడు. ఒక్క రాత్రి ముందుగదిలో పడుకోనివ్వండి. మామూలు మనిషే. తక్కువ మాట్లాడతాడు. ఎలా ఉంటాడో చెప్పడానికి నేనెప్పుడూ ముఖం అంతగా గమనించలేదు. చేతిలో నీలం సంచి ఉంటుంది, దాన్ని బట్టి గుర్తుపట్టండి.

పిట్టమ్మ


ఇంటి నుంచి,
ఆదివారం సాయంత్రం

పిట్టీ,

ఈసారి అంచున కాదు, పూర్తి కాగితం మీదే రాస్తున్నాను. మీ బావ రాయలేకపోతున్నారు. పెన్ను పట్టుకోవడం, నవ్వడం, మళ్లీ పెట్టెయ్యడం.

మీ పడవాయన ముఖం నువ్వు అంతగా గమనించలేదన్నావు. మా వీధి కాకులు గమనించాయమ్మా.

శనివారం మూలమలుపు దగ్గర పాఠం చెబుతున్నాను. బస్సు దిగి నీలం సంచితో ఒకాయన వస్తున్నాడు. కొత్తవాళ్లను ఆ కాకులు ఎప్పుడూ ఏమీ అనవు. అలాంటిది ఒకటి పైనుంచి చూసి గొంతు చించుకుని అరిచింది. అంతే, వీధిలో ఉన్నవన్నీ అతని మీద పడ్డాయి. పాపం సంచి నెత్తిన పెట్టుకుని పరుగెత్తాడు. అరుపులు తన కోసమే అనుకుని అలవాటుగా లోపల కూర్చున్న మీ బావ, తను ఇంట్లోనే ఉన్నానని గుర్తొచ్చి బయటకు వచ్చారు. ఇక కాకులకు ఎవరి నెత్తిన తన్నాలో తేలలేదు. చెరి సగం పంచుకున్నాయి. ఇద్దరూ ఒకరినొకరు లాక్కుంటూ లోపలికొచ్చి తలుపేసుకున్నారు.

నేను వచ్చేసరికి మీ బావ నేల మీద కూర్చుని ఉన్నారు. అతని ముఖాన్నే చూస్తున్నారు. అతను గోడకు ఆనుకుని నుదురు తుడుచుకుంటున్నాడు. చూశాను. గుబురు మీసం. ముందు పలచబడ్డ జుట్టు. ఎడమ కనుబొమ్మ.

“నేను ఈ వీధికి ఎప్పుడూ రాలేదండీ. వాటికి నేనేం చేశాను?” అన్నాడు పాపం.

“మీరేం చెయ్యలేదు. మీ ముఖం చేసింది” అని మీ బావ లేచి అటక మీద నుంచి ఆ ముక్కులేని ముసుగు తెచ్చి చేతిలో పెట్టారు. ఇది ఎవరు వేశారో, ఎందుకు వేశారో అంతా చెప్పేశారు. ఆపుదామని నేను దగ్గాను, వినిపించుకోలేదు. నువ్వు అతనికేమీ చెప్పలేదని మాకేం తెలుసు? అతని ముఖం చూశాక తెలిసింది.

చాలాసేపు ముసుగునే చూశాడు. కనుబొమ్మ చీలిక మీద వేలు పెట్టాడు. “ఇది చిన్నప్పుడు తెడ్డు తగిలి అయింది. ఏ వైపో మా అమ్మకే ఎప్పుడూ గుర్తుండదు” అన్నాడు. ముసుగు వెనక్కి తిప్పి చూసి, “ఇది వేసినప్పుడు నేను రేవులో ఉన్నానండీ. ఆవిడ గది కిటికీ రేవు వైపు ఉండదు” అన్నాడు.

నీ కిటికీ ఏ వైపు ఉంటుందో అతనికి తెలుసన్న సంగతి నేను గమనించాను. మీ బావ గమనించలేదు.

భోజనంలో రెండుసార్లు వడ్డించినా తెలియకుండా తిన్నాడు. టీలో ఉప్పు వేసుకుని బాగుందన్నాడు. ఇవాళ పొద్దున నేనే బస్సు దాకా దింపాను. ముసుగు తీసుకెళ్లొచ్చా అని అడిగితే ఇచ్చేశాను. బండి నేర్పేదాన్ని కదా, ఎవరు మలుపులో కంగారుపడతారో, ఎవరు వెనకా ముందూ చూసుకుని తిప్పుతారో పక్కన కూర్చుంటే తెలుస్తుంది. ఇతను రెండో రకం. ఇక నీ ఇష్టం.

చెప్పడం మరిచాను. మూడు పిల్లలకూ రెక్కలొచ్చాయి. తీగ మీద వరసగా కూర్చుని, ఇంకా గొంతు పూర్తిగా రాకుండానే, మీ బావను తిడుతున్నాయి. నువ్వు చెప్పినట్టే అమ్మ దగ్గర నేర్చుకున్నాయి. ఆయనేమో గుమ్మంలో నిలబడి, “చూశావా, నేనెత్తిన పిల్లలు” అని వీధినపోయేవాళ్లకు చూపిస్తున్నారు.

అక్క


పక్షుల కేంద్రం,
పడవ వచ్చిన రోజు

అక్కకూ, బావగారికీ,

మీ ఉత్తరం తెచ్చింది అతనే కదా. కాబట్టి చదవకముందే సంగతి తెలిసింది.

ఎప్పుడూ సంచి రేవు చెక్క మీద పెట్టి, తాడు విప్పి వెళ్లిపోయే మనిషి ఇవాళ వెళ్లలేదు. నుదుటి మీద గోళ్లు గీరిన గీతలు చూసి, “ఏమైందండీ?” అన్నాను. అతను సంచిలోంచి ముసుగు తీశాడు. ముక్కు లేకపోయినా ఎవరో తెలిసిపోయింది. ఒట్టేసి చెబుతున్నా అక్కా, వేసేటప్పుడు నిజంగా ఊహించే వేస్తున్నాననుకున్నాను. చెయ్యి నాకు చెప్పకుండా వేసేసింది.

“మీ అక్కగారి వీధిలో కాకులన్నిటికీ తెలిసిందండీ. నాకెందుకు చెప్పలేదు?” అన్నాడు.

ఏ పక్షి ఏ అరుపు ఎందుకు అరుస్తుందో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ నిమిషంలో నా గొంతులోంచి ఒక్క అక్షరం రాలేదు. సిగ్గుపడే పక్షి గురించి మా పుస్తకాల్లో ఎక్కడా లేదు. చివరికి, “మీరు అడగలేదు కదా” అన్నాను. అదేం జవాబో నాకే తెలియదు. అతనికి మాత్రం చాలినట్టుంది. చెక్క మీద చోటు చూసి కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను.

మేమేం మాట్లాడుకున్నామో రాయను. బావగారు గట్టిగా చదివి వినిపిస్తారు.

మాటల్లో పడి నేను చూసుకోలేదు, పోటు తగ్గి నీళ్లు తీసేశాయి. పడవ బురదలో ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. మళ్లీ నీళ్లు పెరిగేదాకా కదలదు. “అయ్యో, చెప్పాల్సింది” అన్నాను. బురద కేసి చూస్తూ మీసం కింద నవ్వుకున్నాడు. పుట్టినప్పటి నుంచీ ఈ నీళ్ల మీద ఉన్న మనిషి అక్కా. అవి ఎప్పుడు పెరుగుతాయో, ఎప్పుడు తగ్గుతాయో అతనికి తెలియదా?

ఈ ఉత్తరం మీకు ఆలస్యంగా అందితే కంగారుపడకండి. పడవ ఇంకా ఇక్కడే ఉంది.

పిట్టమ్మ